పొగాకు ఊరు, పడవల ఊరు: యాకొబ్‌స్టాడ్ గురించి పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గత సంచికలో గుంటూరు పొగాకు వ్యాపారం గురించి రాస్తూ, ఫిన్లాండ్ దేశపు పడమటి తీరాన యాకొబ్‌స్టాడ్ అనే చిన్న పట్టణంలో 1762లోనే పొగాకు ఫ్యాక్టరీ వెలసిందని ఒక్క వాక్యంలో ప్రస్తావించాము. ఆ వాక్యాన్ని పట్టుకుని గుంటూరు నుంచి, విజయవాడ నుంచి పాఠకులు ఉత్తరాలు రాశారు. వాటిలో ముఖ్యమైన ప్రశ్నలకు ఈసారి శీర్షిక మొత్తం కేటాయిస్తున్నాము.

ప్రశ్న: నేను పొగాకు కంపెనీలో గ్రేడింగ్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఏడాదిలో సగం మంచు కప్పి ఉండే చోట పొగాకు ఫ్యాక్టరీ ఎలా పెట్టగలిగారు? అక్కడ ఆకు పండుతుందా? ఆ ఫ్యాక్టరీ ఇప్పటికీ ఉందా? – ఒక పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: మీ వృత్తిలో ఉన్నవారికే తట్టే ప్రశ్న ఇది. మనకు పొగాకు పరిశ్రమ అనగానే పొలం, బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం), గ్రేడింగ్ షెడ్డు, వేలం కేంద్రం వరసగా గుర్తుకు వస్తాయి. ఫ్యాక్టరీ ఆ వరసలో చివరిది. యాకొబ్‌స్టాడ్‌లో కథ చివరి మెట్టు నుంచే మొదలైంది. ఆ ఊరికి ఉన్నది పొలం కాదు, రేవు. ప్రధానంగా ఓడల మీద దిగుమతి అయిన ఆకునే అక్కడ కోసి, చుట్టి, నూరి అమ్మేవారు. 18వ శతాబ్దంలో ఫిన్లాండ్ స్వీడన్ రాజ్యంలో భాగంగా ఉండేది. తయారైన సరుకును పరదేశాల నుంచి కొనడం కంటే ముడిసరుకు తెచ్చుకుని సొంత గడ్డ మీద తయారు చేసుకోవడమే దేశానికి లాభమని ఆనాటి ప్రభుత్వం గట్టిగా నమ్మింది కనుక ఇలాంటి కార్ఖానాలకు అనుమతులు, రాయితీలు దొరికాయి.

తరువాతి కాలంలో ఆ కార్ఖానా స్ట్రెంగ్‌బెర్గ్ కుటుంబం పేరుతో ప్రసిద్ధి చెందింది. మొదట్లో నశ్యం, నమిలే పొగాకు, పైపులో వేసుకునే పొగాకు చేసేవారు. యంత్రాలు వచ్చాక సిగరెట్లు ప్రధాన సరుకయ్యాయి. 19వ శతాబ్దం చివరి నాటికి ఆ చిన్న ఊరికి అదే అతిపెద్ద ఉపాధి. పనివారిలో స్త్రీలు ఎక్కువ. గుంటూరు, చిలకలూరిపేట గ్రేడింగ్ షెడ్లలో రోజంతా ఆకు మధ్య కూర్చుని పనిచేసిన మన ఆడవాళ్ల జీవితం తెలిసినవారికి వేల మైళ్ల అవతలి ఆ గదులను ఊహించుకోవడం కష్టం కాదు. ఆ గాలి, ఆ ఘాటు, సరుకు పరిమాణాన్ని బట్టి వచ్చే కూలి ఏ దేశంలోనైనా ఒకటే. అక్కడి చరిత్ర గ్రంథాల్లో యజమానుల పేర్లు, వారి మేడల సంగతులు వివరంగా ఉన్నాయి. ఆ ఊరిని నిజంగా పోషించిన స్త్రీల గురించి మాత్రం అంత వివరంగా లేదు. మన దగ్గరా పరిస్థితి వేరుగా లేదు కనుక ఈ మాటను పనిగట్టుకుని చెప్పవలసి వస్తోంది.

ఇక మూత సంగతి. 1976 జనవరి 1న మన దేశంలో పొగాకు బోర్డు ఏర్పడింది. దాని ప్రధాన కార్యాలయం గుంటూరులోనే ఉందని మీకు వేరే చెప్పనక్కరలేదు. సరిగ్గా ఆ ఏడాదే ఫిన్లాండ్ పొగాకు నియంత్రణ చట్టం చేసింది. ఒక దేశం సాగునూ ఎగుమతినీ పెంచడానికి సంస్థను నెలకొల్పిన సంవత్సరంలోనే మరొక దేశం వాడకం తగ్గించడానికి శాసనం చేసిందన్నమాట. ఆ చట్టం వల్ల 1978 నుంచి ఫిన్లాండ్‌లో పొగాకు ప్రకటనలు ఆగిపోయాయి. 1995లో పని స్థలాల్లో పొగ తాగడంపై ఆంక్షలు వచ్చాయి. 2010లో పొగాకు వాడకాన్ని దేశంలో పూర్తిగా అంతం చేయడమే లక్ష్యమని చట్టంలోనే రాసుకున్నారు. స్ట్రెంగ్‌బెర్గ్ ఫ్యాక్టరీ 1995 నాటికి తుర్కు పట్టణానికి చెందిన రెట్టిగ్ సంస్థ చేతుల్లో ఉండేది. ఆ సంస్థ తన పొగాకు వ్యాపారాన్ని 1995లో రేనాల్డ్స్ అనే అమెరికన్ కంపెనీకి అమ్మింది. మూడేళ్ల తరువాత, 1998లో, యాకొబ్‌స్టాడ్‌లో ఉత్పత్తి నిలిచిపోయింది. 236 ఏళ్ల పరిశ్రమ అలా ముగిసింది. కొన్నవారు దూరాన ఉన్నవారు, ఫ్యాక్టరీ వారికి లెక్కల్లో ఒక పద్దు. స్థానిక యజమాని అయివుంటే ఊరి ముఖం చూసి ఇంకొంతకాలం నడిపేవారేమో గాని, వాడకం తగ్గుతున్న సరుకును ఎవరు మాత్రం ఎంతకాలం నిలబెట్టగలరు? ఊరి మధ్య ఆ భవనాలు మాత్రం చెక్కుచెదరలేదు. ఫ్యాక్టరీ మీది పెద్ద గడియారం ఇప్పటికీ పట్టణానికి గుర్తు. పాత పొగాకు గోదాము ఒకటి పట్టణ మ్యూజియంవారి ప్రదర్శనశాల అయింది.

ప్రశ్న: ఈ ఊరిని ఒక స్త్రీ స్థాపించిందని విన్నాను, నిజమేనా? అంత ఉత్తరాన ఊరు పెట్టవలసిన అవసరం ఏమొచ్చింది? – ఒక చరిత్ర అధ్యాపకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: నిజమేనండీ. 1652లో ఎబ్బా బ్రాహె అనే స్వీడిష్ ప్రభువంశీకురాలు ఈ పట్టణాన్ని స్థాపించింది. ఆమె భర్త యాకొబ్ దె లా గార్డి స్వీడన్ సేనాపతుల్లో పేరుపొందినవాడు. ఆ ఏడాదే ఆయన చనిపోగా ఆయన పేరే ఊరికి పెట్టింది. యౌవనంలో ఆమెను స్వీడన్ రాజు గుస్టావ్ రెండవ అడాల్ఫ్ ప్రేమించాడని, రాజమాత అడ్డుపడడం వల్ల ఆ పెళ్లి జరగలేదని చరిత్రలో ఉంది. ప్రజలు ఆ ప్రేమకథనే ఎక్కువగా చెప్పుకుంటారు. విశాలమైన జాగీరును భర్త తరువాత తానే చూసుకుంటూ ఒక రేవు పట్టణానికి పునాది వేసిన పరిపాలకురాలిగా ఆమెను గుర్తుపెట్టుకోవడమే న్యాయమని నా అభిప్రాయం. అంతకు ముందు నుంచీ అక్కడ పెదెర్షోరె అనే పాత గ్రామ సీమ ఉంది. దాని మధ్యయుగపు రాతి చర్చి నేటికీ నిలిచి ఉంది. ఫిన్నిష్ భాష మాట్లాడేవారు ఈ పట్టణాన్ని పియెతర్‌సారి అంటారు.

అంత ఉత్తరాన ఊరెందుకు అంటే, తారు కోసం. ఇది మన రోడ్లకు వేసే తారు కాదు, పైన్ చెట్ల నుంచి తీసేది. ఆ కాలంలో చెక్క ఓడల అడుగుకూ, అతుకులకూ, తాళ్లకూ తారు పూయకపోతే నీటికి త్వరగా కుళ్లిపోయేవి. ఇంగ్లండు, హాలెండుల నౌకాదళాలకు అది ఆయుధంతో సమానమైన సరుకు. దాన్ని తీసే పద్ధతి ఓపికతో కూడినది. నిలిచి ఉన్న పైన్ చెట్టుకు కొన్నేళ్లపాటు విడతలుగా బెరడు ఒలుస్తారు. గాయమైన చెట్టు జిగురును మొదలులోకి ఊరబెట్టుకుంటుంది. తరువాత చెట్టు నరికి, సన్నగా చీల్చి, పల్లంగా తవ్విన గుంతలో పేర్చి, పైన మట్టిపెళ్లలు కప్పి, మంట రేగకుండా రోజుల తరబడి మగ్గబెడతారు. అడుగున ఉన్న చెక్కగొట్టం గుండా తారు పీపాల్లోకి కారుతుంది. ఓస్ట్రోబోత్నియా అని పిలిచే ఈ తీరప్రాంతపు రైతులు 17వ, 18వ శతాబ్దాల్లో ఈ పనితోనే పన్నులు కట్టారు, ఉప్పు కొనుక్కున్నారు.

లాభం మాత్రం చాలాకాలం స్టాక్‌హోమ్ వర్తకులదే. బోత్నియా తీరపు ఊళ్లు నేరుగా విదేశాలకు సరుకు పంపరాదని, రాజధాని గుండానే పంపాలని శాసనం ఉండేది. 1765లో ఆ కట్టుబాటు సడలించి కొక్కొల, వాసా, ఊలు, పోరి రేవులకు విదేశీ వర్తక హక్కు ఇచ్చిన తరువాతే ఈ తీరం నిజంగా సంపన్నమైంది. అంతకు ముందు 1713 తరువాత రష్యా సైన్యాలు ఫిన్లాండ్‌ను ఆక్రమించినప్పుడు యాకొబ్‌స్టాడ్ తగలబడింది, జనం సముద్రం దాటి స్వీడన్‌కు పారిపోయారు. తిరిగి వచ్చి మళ్లీ కట్టుకున్న ఊరు ఇది.

ప్రశ్న: తారుతో మొదలైన ఊరు ఓడల ఊరు ఎలా అయింది? – ఒక పాఠకుడు, గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: అడవి చెంతనే ఉంది, తారు చేతిలోనే ఉంది, చెక్కపనివారు ఇంటింటా ఉన్నారు. అటువంటప్పుడు ఇతరుల ఓడలకు కిరాయి ఇవ్వడం కంటే సొంతంగా కట్టుకోవడమే మేలని వర్తకులు తెలుసుకున్నారు. 19వ శతాబ్దపు నడిమి కాలంలో పీటర్ మాల్మ్ అనే యాకొబ్‌స్టాడ్ వర్తకుడు ఫిన్లాండ్ మొత్తంలోనే పెద్ద ఓడ యజమానుల్లో ఒకడు. ఆయన ఓడ హెర్క్యులిస్ 1844లో బయలుదేరి 1847లో తిరిగివచ్చింది. భూగోళాన్ని చుట్టివచ్చిన తొలి ఫిన్లాండ్ ఓడ అదే. కొద్ది వేల మంది కూడా లేని ఊరి రేవు నుంచి అటువంటి యాత్ర బయలుదేరడం చిన్న విషయం కాదు. ఆ తరువాత కొన్నేళ్లకే క్రిమియా యుద్ధం వచ్చింది. 1809 నుంచి ఫిన్లాండ్ రష్యా చక్రవర్తి కింద ఉన్నందువల్ల బ్రిటిష్ నౌకాదళం 1854లో ఈ తీరంపై దాడి చేసి ఊలు, రాహె రేవుల్లో ఓడలను, తారు నిల్వలను కాల్చివేసింది. ఫిన్లాండ్ వాణిజ్య నౌకలకు ఆ యుద్ధం గొప్ప దెబ్బ.

ఆ తరువాత ఇనుప ఓడలు, ఆవిరి యంత్రాలు వచ్చి తారుకు, చెక్క నావలకు గిరాకీ పడిపోయింది. నావికులు, కూలీలు నివసించిన స్కాటా అనే పాత పేట మాత్రం వందల కొద్దీ చెక్క ఇళ్లతో ఇప్పటికీ నివాసయోగ్యంగానే ఉంది. పీటర్ మాల్మ్ కొడుకు ఒట్టో మాల్మ్ 1898లో మరణించినప్పుడు ఆస్తిలో పెద్ద భాగాన్ని ప్రజోపయోగానికి వదిలాడు. ఆ కుటుంబపు ఇల్లే నేడు పట్టణ మ్యూజియం, ఊరి ఆసుపత్రికి కూడా వారి పేరే ఉంది.

ప్రశ్న: అక్కడ సముద్రం ఏటా వెనక్కి పోతుందంటారు, నిజమా? – ఒక విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: వెనక్కి పోయేది సముద్రం కాదు బాబూ, పైకి లేచేది నేల. మంచుయుగంలో ఆ ప్రాంతంపై మూడు కిలోమీటర్ల దాకా మందమైన మంచు పేరుకుని, ఆ బరువుకు భూమి పైపొర కిందికి కుంగింది. మంచు కరిగిపోయి సుమారు పది వేల ఏళ్లు గడిచినా నేల ఇంకా పూర్వస్థితికి వస్తూనే ఉంది. ఆ తీరంలో నేల ఏటా సుమారు 8 నుంచి 9 మిల్లీమీటర్ల చొప్పున లేస్తుంది. అంటే ఒక మనిషి జీవితకాలంలో నడుము లోతు నీరున్న చోటు మోకాటి లోతవుతుంది. మన హంసలదీవి దగ్గర కృష్ణ తెచ్చిన ఒండ్రు వల్ల నేల పెరుగుతుంది. అక్కడ నది ప్రమేయం లేకుండానే పెరుగుతుంది. అందువల్ల పాత రేవు లోతు చాలక, ఓడరేవును సముద్రం వైపు ఆల్‌హోల్మెన్‌కు జరుపుకోవలసి వచ్చింది. ఈ తీరానికి దక్షిణాన ఉన్న క్వార్కెన్ ద్వీపసముదాయాన్ని ఈ భూ ఉద్ధరణ కారణంగానే 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ప్రశ్న: అక్కడ కాఫీలో చికోరీ కలుపుతారా? – ఒక గృహిణి, మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: ఒకప్పుడు విరివిగా కలిపేవారమ్మా. 1883లో విల్హెల్మ్ షౌమన్ అనే ఇంజనీరు ఆ ఊళ్లో చికోరీ ఫ్యాక్టరీ పెట్టాడు. కాఫీ గింజ ఖరీదైనది కనుక చికోరీ మొక్క వేరును ఎండబెట్టి, వేయించి, పొడికొట్టి కలిపితే చిక్కదనమూ వస్తుంది, ఖర్చూ తగ్గుతుంది. మన దగ్గర ఎనభై, ఇరవై పాళ్లలో కలిపి పట్టించే పొడి కూడా అదే లెక్క. ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు మ్యూజియం.

ప్రశ్న: పొగాకు పోయాక ఆ ఊరు ఏమైంది? మన దగ్గర ఒక పంట దెబ్బతింటే ఊరంతా కూలిపోతోంది కదా. – ఒక రైతు, గుంటూరు

జవాబు: మీ ప్రశ్నలో ఉన్న బాధ అర్థమవుతోంది. దీనికి సూటిగా జవాబు చెప్పాలంటే, పొగాకు ఉన్న రోజుల్లోనే ఆ ఊరికి మరో రెండు మూడు ఆధారాలు ఉన్నాయి. 1998లో ఫ్యాక్టరీ మూతపడే నాటికి ఊరికి ఆధారం అదొక్కటే అయివుంటే కథ వేరుగా ఉండేది.

పైన చెప్పిన షౌమన్ చికోరీతో ఆగలేదు. కలప వ్యాపారంలోకి, ఆ తరువాత చక్కెరలోకి వెళ్లాడు. ఆయన తరువాత కూడా ఆ సంస్థ పెరిగి 1930లలో యాకొబ్‌స్టాడ్‌లో కలపగుజ్జు మిల్లు కట్టింది. చేతులు మారి నేడు యూపీఎం సంస్థ కింద ఉన్న ఆ మిల్లు ఏటా సుమారు 8 లక్షల టన్నుల గుజ్జు తీసే స్థాయిలో ఉంది. మిల్లు పక్కనే 2001లో ఆల్‌హోల్మెన్స్ క్రాఫ్ట్ అనే విద్యుత్ కేంద్రం మొదలైంది. చెట్ల బెరడు, నరికాక మిగిలిన కొమ్మలు, పీట్ మట్టి (బురదనేలల్లో కుళ్లిన మొక్కలు పేరుకుని ఏర్పడేది) దాని ఇంధనం. అప్పట్లో ఆ తరహా కేంద్రాల్లో ప్రపంచంలోనే అతిపెద్దవాటిలో అది ఒకటి. 1951లో మొదలైన స్నెల్‌మన్ మాంసాహార సంస్థ మరో పెద్ద ఉపాధి.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచేది పడవల సంగతి. షౌమన్ సంస్థలోనే అమ్మకాల ఉద్యోగిగా ఉన్న పెక్కా కోస్కెన్‌క్యులా అనే యువకుడు 1966లో నౌటర్ అనే సంస్థ పెట్టి, ఫైబర్‌గ్లాస్‌తో తెరచాప యాట్‌లు (విహారానికీ పందేలకూ వాడే నావలు) కట్టడం మొదలుపెట్టాడు. అప్పటికి పెద్ద యాట్‌ను చెక్కతో కాక ఫైబర్‌గ్లాస్‌తో కట్టడం అంటే చాలామంది నమ్మలేదు. ఆయన న్యూయార్క్‌లోని స్పార్క్‌మన్ అండ్ స్టీఫెన్స్ అనే పేరున్న రూపకర్తలను ఒప్పించి వారి నమూనాతో స్వాన్ 36 అనే మొదటి యాట్‌ను తయారు చేయించాడు. లోపలి చెక్కపని, అమరిక మాత్రం తాతల నాటి నుంచి నావలు కట్టిన కుటుంబాలవారి చేతుల మీదుగానే సాగింది. 1973–74లో జరిగిన తొలి విట్‌బ్రెడ్ భూప్రదక్షిణ పోటీలో మెక్సికోకు చెందిన సయూలా రెండు అనే యాట్ గెలిచింది. అది స్వాన్ 65, అంటే ఈ ఊరి పనివారు కట్టినది. 1998లో, పొగాకు ఫ్యాక్టరీ ఆగిన ఏడాదే, ఇటలీకి చెందిన లియొనార్దో ఫెర్రగామో ఈ యాట్ సంస్థను కొన్నాడు. యాజమాన్యం మారినా పని ఊళ్లోనే ఉండిపోయింది. ఎందుకంటే ఆ నైపుణ్యాన్ని లారీకెత్తి మరో చోటికి తీసుకుపోవడం కుదరదు. సిగరెట్ యంత్రాలను కొన్నవారు ఎక్కడికైనా తరలించగలరు. యాట్ లోపలి టేకు పలకను వంపుకు సరిపోయేలా దిద్దే మనిషిని తరలించలేరు. నా దృష్టిలో ఈ రెండు పరిశ్రమల గతి వేరవడానికి అసలు కారణం ఇదే. మన మిర్చికైనా, పొగాకుకైనా యార్డు దగ్గర ఆగిపోకుండా, ఇక్కడివారి చేతిపనితో మాత్రమే సాధ్యమయ్యే సరుకు తయారు కావాలని అడగడం అత్యాశ కాదు.

అయితే అక్కడ కష్టం లేదని అనుకోవద్దు. 1870 నుంచి 1930 వరకు మూడు లక్షల మందికి పైగా ఫిన్లాండ్ వాసులు అమెరికా ఖండానికి వలసపోయారు. వారిలో అత్యధికులు ఈ ఓస్ట్రోబోత్నియా నుంచే. తారు పోయింది, పొలాలు పంపకాల్లో ముక్కలయ్యాయి, రష్యా సైన్యంలో బలవంతపు చేరిక భయం వచ్చిపడింది. మిషిగన్ రాగి గనులకు, మిన్నెసోటా ఇనుప గనులకు కొడుకులను పంపి, డాలర్ల కోసం ఎదురుచూసిన తల్లులు ఆ పల్లెల్లో ఉన్నారు. రెండో ప్రపంచయుద్ధం తరువాత మరో విడత స్వీడన్ ఫ్యాక్టరీలకు వెళ్లారు.

ప్రశ్న: ఒకే ఊళ్లో రెండు భాషలవారు తగువు లేకుండా ఎలా ఉంటున్నారు? – ఒక తెలుగు ఉపాధ్యాయుడు, కొత్తపేట, గుంటూరు

జవాబు: ఫిన్లాండ్ మొత్తంలో స్వీడిష్ మాతృభాషగా గలవారు నూటికి ఐదుగురే. యాకొబ్‌స్టాడ్ జనాభా సుమారు 19 వేలు. అందులో సగానికి పైగా స్వీడిష్ వారు, మూడోవంతు దరిదాపు ఫిన్నిష్ వారు, మిగిలినవారు ఇతర దేశాల నుంచి వచ్చినవారు. దేశంలో అల్పసంఖ్యాకులు ఇక్కడ అధికసంఖ్యాకులన్నమాట. తగువులు లేవని చెప్పలేము. ఫిన్లాండ్‌లో భాషా వివాదాలు 1920, 1930లలో తీవ్రంగానే సాగాయి. అయితే పరిష్కారాన్ని నాయకుల దయాదాక్షిణ్యాలకు వదలకుండా చట్టంలో అంకెలతో సహా రాసుకున్నారు. ఒక మునిసిపాలిటీలో అల్పసంఖ్యాక భాషవారు జనాభాలో 8 శాతం గాని, 3,000 మంది గాని ఉంటే ఆ ఊరు ద్విభాషా పట్టణమవుతుంది. పదేళ్లకొకసారి లెక్క చూస్తారు. ద్విభాషా పట్టణంలో ఆసుపత్రి, పన్ను కార్యాలయం, వీధి పేర్లు అన్నీ రెండు భాషల్లోనూ ఉండి తీరాలి.

బడులు మాత్రం వేరువేరు. స్వీడిష్ పిల్లలకు స్వీడిష్ బడి, ఫిన్నిష్ పిల్లలకు ఫిన్నిష్ బడి, రెండో భాష ప్రతి బడిలోనూ నేర్పుతారు. లెక్కలు, సైన్సు మాతృభాషలోనే చదివి ఇంజనీర్లవుతున్నారు. మాతృభాషలో చదివితే పిల్లలు వెనకబడతారని మన ఊళ్లలో తల్లిదండ్రులను భయపెట్టేవారు ఈ బడులను ఒకసారి చూసివస్తే బాగుండును. ఫిన్లాండ్ జాతీయ గీతం రాసిన యొహాన్ లుద్విగ్ రూనెబెర్గ్ ఈ ఊరివాడే. 1804 ఫిబ్రవరి 5న ఒక నావికుడి ఇంట పుట్టాడు. ఆయన దాన్ని స్వీడిష్‌లో రాశాడు. దేశమంతా ఫిన్నిష్ అనువాదంలో ఎక్కువగా పాడుకుంటుంది, రెండూ సమానంగా అధికారికమే అన్నట్లు వాడుకలో ఉన్నాయి. ఆయన భార్య ఫ్రెద్రికా కూడా ఇక్కడే 1807లో జన్మించింది. ఆ దేశంలో నవలలు రాసిన తొలి తరం స్త్రీలలో ఆమె ఒకరు. విగ్రహం భర్తది ఉంది గాని, ఆమె రచనల మీద శ్రద్ధ చాలా ఆలస్యంగా కలిగింది.

ప్రశ్న: మా అబ్బాయికి ఆ ప్రాంతంలో ఉద్యోగం వచ్చేలా ఉంది. పంపవచ్చా? – ఒక తల్లి, పటమట, విజయవాడ

జవాబు: ఉద్యోగం మంచిదైతే నిశ్చింతగా పంపవచ్చునమ్మా, రెండు విషయాలకు మాత్రం అబ్బాయిని ముందే సిద్ధం చేయండి. మొదటిది వెలుతురు. జూన్ మూడో వారంలో పగలు ఇరవై గంటలకు పైగా ఉంటుంది, డిసెంబరు మూడో వారంలో సుమారు నాలుగున్నర గంటలే. చలికి బట్టలున్నాయి, చీకటికి అలవాటు పడడమే కష్టం. ఉదయపు వెలుగులో కాసేపు నడవడం, ఆదివారాలు గదిలో ముడుచుకుని పడుకోకపోవడం అవసరం. రెండవది భాష. ఇంగ్లీషుతో ఉద్యోగం నడుస్తుంది గాని, ఇరుగుపొరుగుతో కలవాలంటే స్వీడిష్ గాని ఫిన్నిష్ గాని రావాలి. ఆ ఊళ్లో స్వీడిష్ ఎక్కువ గనుకా, ఇంగ్లీషు వచ్చినవారికి అది త్వరగా పట్టుబడుతుంది గనుకా దానితో మొదలుపెట్టమనండి. వలసవచ్చి పని వెతుక్కునేవారికి భాషా తరగతులను ప్రభుత్వ ఖర్చుతోనే నడుపుతారు. ఉద్యోగంలో చేరేవారికి అవి వర్తిస్తాయా లేదా అన్నది వెళ్లిన మొదటి వారంలోనే పట్టణ కార్యాలయంలో అడిగి తెలుసుకోమనండి.